కాకి ముట్టిందా?

ఏడాది పొడుగునా కాకిని తిట్టుకుంటూనే ఉంటాం. నలుగురూ ఒక్కసారి మాట్లాడితే కాకిగోల అంటాం, లెక్క తేలకపోతే కాకిలెక్క అంటాం. మేడ మీద ఒడియాలు ఎండబెడితే కర్ర పట్టుకుని కాపలా కాస్తాం. పొరపాటున నెత్తిన తన్నిపోయిందా, శనీశ్వరుడే తన్నాడన్నంత కంగారు. అలాంటి పక్షి కోసం, ఇంట్లో ఒక మనిషి పోయాక, పెద్దకర్మ నాడు బంధువర్గమంతా కదిలొచ్చి గట్టు మీద నిలబడుతుంది.

కొన్ని ఇళ్లలో పిండం, కొన్ని ఇళ్లలో వండిన భోజనం. విస్తట్లో అన్నం, పప్పు, గారె, పోయినవాళ్లు ఇష్టంగా తిన్న కూర. పక్కన చెంబుతో నీళ్లు. బీడీ అలవాటున్న మనిషైతే ఓ కట్ట. తెలంగాణ పల్లెల్లో కల్లు ముంత కూడా ఉంటుంది, మాంసం ముక్కా ఉంటుంది. అక్కడ దీన్ని పిట్టకు పెట్టుడు అంటారు. అన్నీ సర్ది, అందరూ నాలుగడుగులు వెనక్కి జరిగి కొమ్మల వైపు చూస్తారు. కా కా అని పిలిచే బాధ్యత ఎవరో ఒక పెద్దాయన నెత్తినేసుకుంటాడు. ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ల నుంచి ఫోను: "ముట్టిందా?"

నమ్మకమా మూఢనమ్మకమా అన్న చర్చ పాతది, దాంట్లోకి దిగను. నాన్న కాకి రూపంలో వస్తాడని నమ్మేవాడూ, అదంతా ఉత్తిదని వాదించేవాడూ ఒకే గట్టు మీద నిలబడి ఒకే కొమ్మ వైపు చూస్తుంటారు. కాకి ఆలస్యం చేస్తే నమ్మనివాడి గొంతు కూడా తడారిపోతుంది. నాకు ఆసక్తి కలిగించేది ఆ ఆలస్యమే. రెక్క టపటపలాడించుకుంటూ వచ్చి వెంటనే ముద్ద ఎత్తుకుపోతే అందరూ హమ్మయ్య అనుకుని స్నానాలకు వెళ్లిపోతారు. రాకపోతేనే మనుషులు నోరు విప్పుతారు.

మొదట కర్త ముందుకొస్తాడు. చేతులు జోడించి ఏదో గొణుగుతాడు. కాకి కదలదు. "గట్టిగా చెప్పరా, ఏం మొక్కుకుంటున్నావో" అంటాడు వెనకనుంచి మేనమామ. అప్పుడు పైకి వస్తాయి మాటలు. కోస్తాలో ఒక గట్టు మీద ఒక కొడుకు చెప్పినది ఇది: "అమ్మా, చెల్లిని పండక్కి పిలుస్తాం, పసుపు కుంకుమలకి లోటు చెయ్యం. ఇంక తినవే." తెలంగాణలో అయితే, "బాపూ, చిన్నోని పెండ్లి నేను జేస్త, నువ్వు ఫికరు వెట్టుకోకు." సీమలో, "నాయనా, ఆ బాయికాడి చేను అమ్మంలే, వచ్చి తిను నాయనా." ఒకరి తర్వాత ఒకరు వస్తారు. అన్నయ్య చెప్పాక తమ్ముడు, తమ్ముడి తర్వాత అల్లుడు. ఎప్పుడో మాటలు మానేసిన బాబాయ్ కూడా చివరికి చెట్టు వెనక నుంచి వచ్చి, "అన్నయ్యా, నా మీద కోపమైతే నన్ను తిట్టు, అన్నం మీద అలగకు" అంటాడు.

వీళ్లెవరికీ పోయిన మనిషి చివరి కోరిక ఏమిటో కాకి చెప్పదు. చెప్పేది వీళ్లే. చెల్లెలికి ఇవ్వాల్సినది ఇవ్వలేదని అన్నకు ముందే తెలుసు. తండ్రి ఆస్పత్రిలో ఉన్నప్పుడు రావాల్సినన్ని సార్లు రాలేదని కొడుక్కి తెలుసు. పది రోజులుగా ఇంట్లో వచ్చేపోయే జనం, వంటలు, ఖర్చుల లెక్కల మధ్య ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చచ్చిపోయినవాళ్లతో నలుగురి ముందు గొంతెత్తి మాట్లాడటానికి మన సమాజం ఇచ్చే సమయం ఇంచుమించు ఇదొక్కటే. ఆ సంభాషణకు ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి కదా, నల్లటి పక్షి ఒకటి ఉంటుంది. ఊరందరికీ కాకి ఒకటే. కానీ ఏ ఇంటి కాకి ఎందుకు అలిగిందో ఆ ఇంటివాళ్లకే తెలుసు.

2023 మార్చిలో వచ్చిన 'బలగం' సినిమా మొత్తం ఈ ఒక్క ముడి మీదే నడిచింది. వేణు యెల్దండి దర్శకత్వం. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు, పిట్ట ముట్టదు. మూడో రోజు ముట్టదు, తర్వాతా ముట్టదు. ఊరంతా చెవులు కొరుక్కోవడం మొదలవుతుంది. తీరా చూస్తే కూతురు అత్తింటికీ పుట్టింటికీ మధ్య ఏళ్ల తరబడి మాటల్లేవు, దానికి మూలం విందులో నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర వచ్చిన పట్టింపు. నల్లిబొక్క అంటే నవ్వొస్తుంది గానీ, తెలుగు కుటుంబాల్లో పెద్ద గొడవలు ఇంతకన్నా పెద్ద కారణాలతో మొదలవడం నేనైతే పెద్దగా చూడలేదు. సినిమా చివర్లో బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు శారద అనే వాద్యం పట్టుకుని పాడతారు. పోయిన మనిషి గొంతుతో ఒక్కొక్కరినీ పిలిచి పలకరించే పాట. ఆ పాటకు బంధువులు కరిగి ఒకరినొకరు పట్టుకుంటారు, అప్పుడు వస్తుంది కాకి. తెలంగాణ ఊళ్లలో పంచాయతీ ముందు తెర కట్టి, చాపలు పరచుకుని జనం ఈ సినిమా చూశారు, ఏడ్చారు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.

ఆ సినిమా పట్టుకున్న రహస్యం సాంకేతికంగా చాలా చిన్నది. పాట లేకపోతే ఆ మాటలు బయటికి రావు. ఊరి ఆచారంలో కాకి ఆలస్యం చేసే పని, కథలో బుడగజంగాల పాట చేసింది.

అసలు కాకే ఎందుకు? రామాయణం ఉత్తరకాండలో దీనికొక కథ ఉంది. మరుత్తుడనే రాజు యజ్ఞం చేస్తుంటే రావణుడు దండెత్తి వస్తాడు. హవిస్సు కోసం వచ్చిన దేవతలు అతణ్ణి చూసి భయపడి తలో రూపంలో దాక్కుంటారు. ఇంద్రుడు నెమలిగా, వరుణుడు హంసగా, కుబేరుడు తొండగా, యముడు కాకిగా. రావణుడు వెళ్లిపోయాక, తమను దాచిన ప్రాణులకు వరాలిస్తారు. నెమలికి కళ్లున్న పింఛం అప్పుడే వచ్చిందట. యముడు కాకికిచ్చిన వరం మరోలాంటిది: నా లోకంలో ఆకలితో ఉన్నవాళ్లు, నువ్వు తింటే తృప్తి పడతారు. నాకు ఇందులో నచ్చేది యముడు భయపడటం. చావు దేవుడే ప్రాణభయంతో ఒక పక్షి రెక్కల చాటున దాక్కున్నాడన్న ఊహ ఎవరికి వచ్చిందో గానీ, దుఃఖంలో ఉన్నవాళ్లకు అంతకన్నా ధైర్యమిచ్చే కథ ఇంకొకటి దొరకదు.

పురాణం పక్కన పెట్టినా కాకికి ఈ పని అప్పగించడంలో తర్కం ఉంది. పిచ్చుక కన్నా పెద్దది, గద్దలా దూరంగా ఉండదు, కొంగలా కాలాన్ని బట్టి కనబడకుండా పోదు. ఇంటి చూరు నుంచి పెరటి చెట్టు దాకా దాని రాజ్యం. తెల్లారి అమ్మ పడేసిన మెతుకులు తిన్నది అదే, నాన్న పడక్కుర్చీ పక్కన వాలి మురుకు ముక్క ఎత్తుకుపోయిందీ అదే. మనుషుల ముఖాలు కాకులు గుర్తుపెట్టుకుంటాయని అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో మొదలుపెట్టిన ప్రయోగంలో తేలింది. ఒక మాస్కు పెట్టుకుని కొన్ని కాకుల్ని పట్టి వదిలేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ మాస్కు పెట్టుకుని ఎవరు నడిచినా కాకులు చుట్టుముట్టి అరిచాయి, అప్పటికి పుట్టని కాకులతో సహా. అంటే, మీ నాన్న ముఖం మీ పెరటి కాకికి గుర్తుండే అవకాశం గట్టిగానే ఉంది.

అదే పరిశోధకుల జట్టు మరో సంగతీ గమనించింది. చచ్చిపడిన కాకి చుట్టూ మిగతా కాకులు చేరి అరవడం మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2015లో కేలీ స్విఫ్ట్, మార్జ్‌లఫ్ అచ్చువేసిన అధ్యయనం ప్రకారం అలా చేరడం వెనక ఒక కారణం, ఇక్కడేం ప్రమాదముందో తెలుసుకోవడం. చావు జరిగిన చోటికి, చావు తెచ్చిన ముఖం దగ్గరికి అవి తర్వాత జంకుతూ వస్తాయి. మన గట్టు మీద కాకి ఆలస్యానికి కారణం కూడా ఇలాంటి జంకే కావచ్చు. కొత్త చోటు, ఇరవైమంది మనుషులు, అందరి కళ్లూ తన మీదే. పైగా నడినెత్తిన ఎండ. నగరంలోనైతే చెత్తకుండీల దగ్గరే దానికి కడుపు నిండిపోతుంది. హైదరాబాదులో కాకి కోసం కార్లేసుకుని చెరువు గట్లు వెతుక్కుంటూ తిరిగే కుటుంబాలు ఇప్పుడు మామూలే.

కారణం తెలిసినంత మాత్రాన గుండె దడ తగ్గదు. అది వేరే విషయం.

పోయినవాళ్లతో బంధం తెంచుకుంటేనే మనిషి కోలుకుంటాడన్నది చాలాకాలం పాశ్చాత్య మనస్తత్వ శాస్త్రం చెప్పిన మాట. ఫ్రాయిడ్ 1917లో రాసిన వ్యాసం నుంచి మొదలైన ధోరణి అది: మనసును పోయిన మనిషి నుంచి కొంచెం కొంచెంగా విడదీసుకోవాలి. 1971లో అచ్చయిన తన అధ్యయనం కోసం డెవీ రీస్ అనే వైద్యుడు వేల్స్ ప్రాంతంలో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి మాట్లాడాడు. దాదాపు సగంమంది, పోయినవాళ్లు తమ దగ్గరే ఉన్నట్టు అనిపిస్తుందని చెప్పారు. కొందరికి గొంతు వినిపించింది, కొందరికి రూపం కనిపించింది. ఎక్కువమందికి అది ఊరటగానే ఉంది. కానీ చాలామంది అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ కలిసి తెచ్చిన పుస్తకంతో వాదం తిరగబడింది. బంధం తెగనక్కర్లేదు, రూపం మార్చుకుంటే చాలు అన్నారు వాళ్లు. ఏటా తద్దినం పెట్టే మన ఇళ్లలో ఎవరికైనా ఈ మాట చెబితే, ఇందులో కొత్తేముంది అంటారు.

జపాన్‌లో ఇవాతె ప్రాంతంలోని ఒత్సుచి అనే సముద్రతీరపు ఊళ్లో ఇతారు ససాకి అనే తోట నిపుణుడు 2010లో తన దగ్గరి బంధువు పోతే, తోటలో ఒక తెల్లటి టెలిఫోన్ బూత్ పెట్టుకున్నాడు. లోపల పాతకాలపు నల్ల ఫోను. దానికి తీగ లేదు. చెప్పుకోవాలనుకున్నది అందులో చెప్పుకునేవాడు. మరుసటి ఏడాది మార్చిలో సునామీ వచ్చింది. ఆ ఒక్క ఊళ్లోనే 1,200 మందికి పైగా పోయారు, గల్లంతయ్యారు. ఆ తర్వాత వేలమంది ఆ బూత్‌లోకి వెళ్లి, రిసీవరు ఎత్తి, తమవాళ్ల పాత నంబరు తిప్పి మాట్లాడారు. దాన్ని అందరూ గాలి ఫోను అంటారు. తీగ లేదని అందరికీ తెలుసు. మన కాకికి కూడా తీగ లేదు.

గుర్తులన్నీ గట్టు మీదే ఉండవు. గయకు వెళ్లి శ్రాద్ధం పెట్టి వచ్చినవాళ్ల ఇళ్లలో ఒక విచిత్రమైన ఆచారం కనబడుతుంది. అక్కడ అక్షయవటం కింద, ఒక కాయో ఒక పండో ఒక ఆకో ఇక జన్మలో తిననని వదిలేసి వస్తారు. ఇష్టమైనది వదలాలని నియమం. (కాకరకాయ వదిలేసి చేతులు దులుపుకున్న గడుసువాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి పితృదేవతలు చూసుకుంటారు.) తండ్రి పేరు మీద వంకాయ వదిలేసిన మనిషిని ఊహించుకోండి. తెలుగు దేశంలో పెళ్లికి వెళ్లినా, పేరంటానికి వెళ్లినా, హోటల్లో కూర్చున్నా వంకాయ తప్పదు. వడ్డించేవాడు గరిటె ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాలి. "అదేమిటండీ, గుత్తొంకాయ వద్దంటారా?" అని పక్కవాడు ఆశ్చర్యపోతాడు. "గయలో వదిలేశానండీ, మా నాన్నగారికి." ఆ ఒక్క జవాబుతో పంక్తిలో తండ్రి పేరు వచ్చి కూర్చుంటుంది. గోడ మీద ఫొటో పండక్కి తుడుస్తాం, మిగతా రోజుల్లో చూడనైనా చూడం. వంకాయ వారానికి మూడుసార్లు ఎదురొస్తుంది. తినకపోవడాన్ని కూడా గుర్తుగా మలచుకున్న ఆ బుర్రకు దండం పెట్టాలి.

బీహారు దాకా వెళ్లలేనివాళ్లకు పిఠాపురంలో పాదగయ ఉంది. తెలంగాణలో భాద్రపద అమావాస్యను పెత్రమాస అంటారు. పొద్దున పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చి దండం పెట్టుకున్న ఇంట్లోనే, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. ఏడుపుకీ ఆటకీ మధ్య ఒక్క పూట ఎడం. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతారు. కొత్త చీరో పంచో పటం ముందు పెట్టి, పూజయ్యాక ఇంట్లోవాళ్లే కట్టుకుంటారు. అత్తగారి పేరున పెట్టిన చీర కోడలు కట్టుకుని వాకిట్లో తిరుగుతుంటే, ఆ ఇద్దరికీ బతికుండగా పడిందా లేదా అన్నది ఎవరికీ గుర్తుకురాదు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు తిథి నాడు పెరట్లో అన్నం పెట్టి అక్కడి కాకి కోసం చూస్తారు. పక్కింటి అమెరికా ఆవిడకు కాకి సంగతి తెలియదు, ఆమె చూసేది కార్డినల్ అనే ఎర్రపిట్ట కోసం. ఆ పిట్ట కిటికీ దగ్గర వాలితే పోయినవాళ్లు చూడటానికి వచ్చారని అక్కడ జనంలో గట్టి వాడుక. ఏడు రాష్ట్రాలకు అదే రాష్ట్ర పక్షి. చలికాలంలో చాలా పిట్టలు దక్షిణానికి వలసపోతే అది మాత్రం మంచులోనే ఉండిపోతుంది, తెల్లటి పెరట్లో ఎర్రగా కనబడుతుంది. మెక్సికోలోని మిచోవకాన్ అడవులకు ఉత్తరాది నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి మోనార్క్ సీతాకోకచిలుకలు చేరేది నవంబరు మొదట్లో, సరిగ్గా అక్కడివాళ్లు పోయినవాళ్ల పండుగ చేసుకునే రోజుల్లో. అందుకే అవే పెద్దల ఆత్మలని వాళ్ల నమ్మకం. ఎక్కడివాళ్లయినా గుర్తును గాల్లోంచి తెచ్చుకోలేదు. తమ కంటికి ఆ రోజుల్లో తప్పకుండా తగిలే ప్రాణినే ఎంచుకున్నారు. ఎడబాటు ఉన్నవాళ్ల కళ్లు ఎటు తిరిగినా ఏదో ఒకటి కనబడాలి కదా.

అయితే ఇదంతా మంచిగానే ఉందని రాసి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే. కాకి ముట్టలేదన్న మాట చాలా ఇళ్లలో కత్తిగా మారుతుంది. కోపం ఎవరి మీదుంటే కాకి అలక వాళ్ల నెత్తిన పడుతుంది. ఎక్కువగా కోడలి మీద. "చివరి రోజుల్లో సరిగ్గా చూసుంటే ఇలా అయ్యేదా?" అని గట్టు మీదే అనేస్తారు. ఆవిడ మూడేళ్లు మంచం దగ్గర చేసిన చాకిరీ అక్కడ ఎవరికీ లెక్కకు రాదు. కొన్ని ఇళ్లలో ఆవిణ్ణి గట్టుకే రానివ్వరు, మరి ఆవిడ చెప్పుకోవాల్సిన మాట ఎవరికి చెప్పుకుంటుంది? ఇక కాకి ముట్టకపోతే పీడ పడుతుందని భయపెట్టి శాంతులకీ హోమాలకీ డబ్బు గుంజేవాళ్లు వేరే ఉన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి ఎంతడిగితే అంత ఇస్తాడు, వాళ్లకది బాగా తెలుసు. గుర్తుకు అర్థం ఇంటివాళ్లు ఇచ్చుకుంటే ఓదార్పు. బయటివాడు వచ్చి అర్థం చెప్పి బిల్లు ఇస్తే అది వ్యాపారం.

నిజానికి ఆచారం పెట్టినవాళ్లకు కాకుల సంగతి బాగా తెలుసు. అది రాని రోజు ఉంటుందని వాళ్లు ముందే అనుకున్నారు. మహారాష్ట్రలో ఎంతకీ కాకి రాకపోతే దర్భతో కాకి బొమ్మ చేసి, దానితో పిండాన్ని తాకించి కర్మ ముగిస్తారు. మన దగ్గర ఆవుకు పెడతారు, లేదా నీళ్లలో వదిలేస్తారు. ఎక్కడా కర్మ ఆగిపోదు. అంత వెసులుబాటు శాస్త్రమే ఇచ్చినప్పుడు మధ్యలో భయపెట్టే హక్కు ఎవరికీ లేదు.

అందుకని ఒక విన్నపం. మహాలయ పక్షంలోనో, సంవత్సరీకం నాడో, మీ ఇంట్లో విస్తరి పెట్టే రోజు వస్తుంది. ఆ రోజు కోడల్నీ కూతుర్నీ కూడా గట్టు మీదికి పిలవండి, వాళ్లను ముందు మాట్లాడనివ్వండి. చెప్పుకోవాల్సింది మీకూ ఉంటే నలుగురూ వింటారని మొహమాటపడకుండా పైకే చెప్పండి. కాకి వస్తే సంతోషం. రాకపోతే ఎవరినీ ఒక్క మాట అనకుండా, ఆవుకు పెట్టి, ఇంటికి వెళ్లి అందరూ కలిసి భోజనం చేయండి.